మన యిండ్లలోని తెరలు – వాని విద్యుద్వ్యయ చరిత్రము

సండూరు కొండల నడుమనున్న తారానగర్‌లో సంధ్యవేళ వీథివెంట నడచినయెడల, ఇంటింటి కిటికీలనుండి నీలికాంతి వెలుపలికి ప్రసరించుచుండుట చూడగలము. ఒక యింట కన్నడము, ప్రక్క యింట తెలుగు, ఆ పై యింట హిందీ వినవచ్చుచుండును. ఈ తెరలను వెలిగించు విద్యుత్తు ఎక్కడిది, అది ఎంత ఖర్చగుచున్నది, ఆ ఖర్చు పూర్వముకంటె తగ్గినదా, పెరిగినదా యను ప్రశ్నలు మనలో పెక్కుమంది వేసికొనరు. నెలకొకమారు వచ్చు బిల్లును చూచి ఊరకుందురు. ఈ ప్రశ్నలకు చరిత్రమునుండి సమాధానము వెదకుటయే మా ఈ చిన్న వ్యాసమునకు ఉద్దేశము.

సరిహద్దు జిల్లాలలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు టెలివిజను వినోదసాధనము మాత్రమే కాదు. మన బిడ్డలు బడిలో కన్నడమును, ఆంగ్లమును అభ్యసింతురు. అది న్యాయమే, అన్నము పెట్టిన సీమ భాషను నేర్చుకొనుట మన విధి. కాని ఇంట మాటలాడు తెలుగు తప్ప వేఱు తెలుగు వారి చెవిని పడుటకు ఇటీవలి నాలుగు దశాబ్దములలో ముఖ్యాధారముగ నిలిచినది ఈ తెరయే. కావున “ఆర్పివేయుడు” అని ఉపదేశించుట మాకు సమ్మతము కాదు. లెక్క తెలిసికొని వెలిగింపుడని మాత్రమే మా మనవి.

నది యిచ్చిన వెలుగు

సండూరు ఘోర్పడే వంశీయుల సంస్థానముగ నుండి 1949లో మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలో చేరినది. నాలుగేండ్లు గడచినంతనే 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోయినవి. బళ్లారి తాలూకా విషయమున తీవ్రమైన వివాదము చెలరేగగా న్యాయమూర్తి మిశ్రాగారి విచారణానంతరము అదియు, సండూరు మొదలగు తక్కిన తాలూకాలును మైసూరునకు చెందినవి. ఒకే బంధువర్గము రెండు రాష్ట్రములలో పడిన దినములవి.

భూమి పంచబడినది గాని తుంగభద్రను అట్లు పంచుట సాధ్యము కాలేదు. 1945 ఫిబ్రవరిలో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వములు ఇరుగట్టుల శంకుస్థాపన చేసిన ఆనకట్టనుండి 1953లో కాలువలకు నీరు వదలబడెను. విభజనానంతరము నీటిని, విద్యుత్తును ఉమ్మడిగ నిర్వహించుటకు తుంగభద్ర బోర్డు ఏర్పడినది. ఆనకట్ట చెంతనొకటి, హంపి కాలువపై నొకటి, ఒక్కొక్కటి 36 మెగావాట్ల శక్తిగల విద్యుత్కేంద్రములు నెలకొనినవి. 1957లో ఉత్పత్తి ఆరంభమయ్యెను. ఆ విద్యుత్తులో నూటికి ఎనుబది వంతులు ఆంధ్రమునకు, ఇరువది వంతులు కర్ణాటకమునకు అని ఏర్పాటు జరిగినది.

ఆ రెండు కేంద్రములు కలిసి 72 మెగావాట్లు. ఆ కాలమున అది గొప్ప శక్తి. దీపములకు, నీటిమోటార్లకు, నూనెమిల్లులకు, పత్తిమిల్లులకు దానిని వినియోగింతురని ప్రజలు తలచిరి. నూరు వాట్ల టెలివిజనులు ఏడులక్షల ఇరువదివేలు ఒక్క పర్యాయము వెలిగినచో ఆ రెండు కేంద్రముల పూర్ణశక్తియు వానికే సరిపోవునని నాడు ఎవరును ఊహింపలేదు. నాడు దేశమున గృహములందు టెలివిజనే లేదు. ఢిల్లీలో ప్రయోగాత్మక ప్రసారము ఆరంభమైనదియే 1959 సెప్టెంబరు 15న.

వాల్వుల కాలము

తెరలకంటె ముందు మన యిండ్లలోనికి వచ్చినది రేడియో. తొలినాటి రేడియోలో గాజుబుడ్లవంటి వాల్వు లుండెడివి. ప్రతి వాల్వులోను ఒక సన్నని తీగ ఎఱ్ఱగ కాలినగాని అది పనిచేయదు. స్విచ్చి వేసిన వెంటనే పలుకక, అరనిముసము వేడెక్కిన పిదప రేడియో గొంతు విప్పుటకు కారణమిదియే. తీగను కాల్చుటకే సగము శక్తి ఖర్చగుటచే, కేవలము మాట వినిపించుటకు నలువది, ఏబది వాట్లు వలసియుండెను.

గణనయంత్రము కథయు ఇట్టిదే. 1946లో అమెరికాలో లోకమునకు ప్రదర్శింపబడిన ఎనియాక్ అను యంత్రమున సుమారు 18,000 వాల్వు లుండెను. దానికి 150 కిలోవాట్ల విద్యుత్తు కావలసివచ్చెను. నేడు మన బిడ్డ లంగీజేబులో పెట్టుకొను టెలిఫోను ఆ యంత్రముకంటె ఎన్నో లక్షల రెట్లు వేగముగ లెక్కించుచు, దినమునకు ఇరువది వాట్‌గంటల శక్తితో తృప్తి పొందుచున్నది. ట్రాన్సిస్టరు రాకవలన వాల్వు అంతరించినది. కాల్చవలసిన తీగ లేకపోవుటయే ఈ మితవ్యయమునకు మూలము.

ఈ మార్పున తెలుగు నేలకును పాలు గలదు. 1967లో హైదరాబాదున నెలకొనిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌కు తొలి సారథి అయిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమగోదావరి జిల్లావారు. ఆ సంస్థవారు 1969లో టీడీసీ–12 అను గణనయంత్రమును నిర్మించిరి. టెలివిజను పెట్టెలనుకూడ వారు తయారుచేసిరి. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు అమెరికావారి ఉపగ్రహము సహాయమున మన దేశములో గ్రామీణ టెలివిజను ప్రయోగము జరిగినది. ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములు దానికి ఎన్నుకొనబడినవి. ఆ గ్రామములకు పెట్టె లిచ్చినది హైదరాబాదు సంస్థయే.

ఆంధ్రప్రదేశ్, కర్ణాటకములు రెండును ఆ ఆరింటిలో నుండెను. మనకు ఏటి కావలనున్న రాయచూరు జిల్లా గ్రామములు కొన్ని అందు చేరినవి. కోళ్లగూటికి వాడు తీగవలతో పది అడుగుల వెడల్పున అల్లిన గొడుగువంటి పళ్లెము బడిపైన నిలిపి, దాని క్రింద ఒక పెట్టెను ఉంచి, ఊరివారందఱు నేలపై కూర్చుండి చూచెడివారు. ఆ ఉపగ్రహము ఒక బొమ్మతోపాటు రెండు భాషల పలుకులను పంపగలిగియుండెను. తెలుగు, కన్నడము ఆ ప్రయోగమున వినిపించిన నాలుగు భాషలలోనివి. చదువరులు ఒక్క విషయమును జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక. ఆ కాలపు పెట్టె విద్యుత్తును విశేషముగ తినెడిది. అయినను ఊరికి ఒక పెట్టెయే గనుక తలకు వచ్చు ఖర్చు అత్యల్పము.

వీథికొక పెట్టె, ఇంటికొక పెట్టె

1982లో వర్ణచిత్రములు వచ్చినవి. 1984లో దేశమంతట చిన్న ప్రసారకేంద్రములు వడివడిగ వెలసినవి. 1987 జనవరినుండి 1988 జూలై వఱకు ఆదివారము ఉదయమున రామాయణము ప్రసారమైనపుడు వీథికొక పెట్టె, దాని ముందు నలుబదిమంది అను స్థితి యుండెను. పెట్టె గలవారు చాపలు పఱచి, ముసలివారికి ముందు చోటిచ్చి కూర్చుండబెట్టెడివారు. హిందీ తెలియని అవ్వలకు కథ ముందే తెలియును గనుక భాష అడ్డు కాలేదు.

ఆనాటి పెట్టెలో వెనుకకు ఉబ్బియున్న పిక్చర్ ట్యూబు ఉండెను. దాని మెడలో ఒక తీగ కాలుచు ఎలక్ట్రానులను వదలును. ఇరువదివేల వోల్టులకు పైబడిన పీడనము వానిని ముందునకు లాగును. చుట్టునున్న తీగచుట్టలు ఆ ధారను తెరపై అడ్డముగను నిలువుగను త్రిప్పును. ఇంత శ్రమకును ఇరువదియొక్క అంగుళముల వర్ణపు పెట్టెకు సుమారు ఎనుబది వాట్లు అవసరమయ్యెడివి. గ్రామములలో వోల్టేజి సరిగ నుండనందున ప్రతి పెట్టెకు ఒక స్టెబిలైజరు తోడుగ వచ్చినది. రోదచేయుచు వెచ్చగనుండు ఆ ఇనుపపెట్టెయు కొంత విద్యుత్తును తినెడిది.

1977లో దోణిమలై ఇనుపగని పని ఆరంభించెను. ఆ గనిని నడపు జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ప్రధానకార్యాలయము హైదరాబాదున నుండుటచే తెలుగు ఉద్యోగులు ఈ కొండలకు వచ్చిరి. తుంగభద్ర ఆయకట్టులోని క్యాంపులకు కోస్తానుండి రైతులు అంతకు మునుపే తరలివచ్చియుండిరి. వీరందఱి బిడ్డలకు 1995 ఒక మైలురాయి. ఆ యేట జెమిని, ఈటీవీ ప్రసారములు ఆరంభమైనవి. కేబులు తీగవెంట తెలుగు దినమంతయు ఇంటిలోనికి వచ్చెను. ఆదివారము ఒక గంట చూచు అలవాటు పోయి, ప్రతి సాయంకాలము నాలుగైదు గంటల అలవాటు ఏర్పడినది. వీథికొక పెట్టె ఇంటికొక పెట్టె అయినది.

బల్లమీది యంత్రము

గృహమునకు కంప్యూటరు వచ్చుట ఇంచుమించు ఈ కాలముననే. 1981లో వెలువడిన తొలి ఐబీఎం వ్యక్తిగత యంత్రమునకు 63.5 వాట్ల విద్యుత్సరఫరా సరిపోయెను. పిదప వేగము పెరిగినకొలది ఆకలియు పెరిగెను. 1990 తరువాత మన యిండ్లలోనికి వచ్చిన యంత్రమును, పిక్చర్ ట్యూబుగల పదునేడంగుళముల మానిటరును కలిపిన సుమారు 160 వాట్లు. అందు సగము మానిటరుదే.

ఇచ్చట ఒక పొరపాటును సరిదిద్దవలసియున్నది. యంత్రమును వదలి లేచిపోయినపుడు తెరపై చేపలో, గీతలో కదలుచుండిన విద్యుత్తు ఆదాయగునని ఎందఱో నమ్మిరి. అది సత్యము కాదు. ఒకే బొమ్మ నిలిచియున్నచో ట్యూబు లోపలి పూత మాడి మచ్చపడునని భయపడి ఆ కదలుబొమ్మలను కల్పించిరి. బొమ్మ కదలినను నిలిచినను విద్యుత్తు ఖర్చు ఖర్చే. తెరను నిద్రపుచ్చు ఏర్పాటునకు ప్రోత్సాహమిచ్చినది 1992లో అమెరికా పర్యావరణశాఖవారు ప్రవేశపెట్టిన ఎనర్జీ స్టార్ ముద్ర. ఆ ముద్ర తొలుత వేయబడినది కంప్యూటర్లకును మానిటర్లకునే.

మన భాషకు ఈ యంత్రమువలన మేలు కలుగలేదని చెప్పజాలము. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము లభించినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమయ్యెను. తెలుగు బడి లేని ఊరనుండు బాలుడు తన భాషలో ఒక పుట చదువుటకు దారి ఏర్పడినది.

సన్నని తెర, పెద్ద ఖర్చు

ఉబ్బిన ట్యూబు పోయి పలుచని తెర వచ్చినపుడు విద్యుత్తు ఆదాయగునని శాస్త్రజ్ఞులు చెప్పిరి. వారు చెప్పినది నిజమే. తెర వెనుక చిన్న ఎల్‌ఈడీ దీపములుగల ముప్పదిరెండంగుళముల పెట్టెకు నేడు నలువది వాట్లు చాలును. ఒడిలో పెట్టుకొను కంప్యూటరు ముప్పది వాట్లతో పనిచేయును. అయినను మన బిల్లులు తగ్గలేదేమి? లెక్క వేసి చూతము.

వేయి వాట్లు ఒక గంట నడచిన ఒక యూనిట్టు. పూర్వపు ఎనుబది వాట్ల పెట్టె దినమునకు ఐదుగంటల చొప్పున నెలకు 12 యూనిట్లు తినెడిది. నేటి నలువది వాట్ల పెట్టె అంతే కాలమునకు 6 యూనిట్లు తినును. ఇంతవఱకు లాభమే. కాని మనము ఆ ముప్పదిరెండుతో తృప్తిపడలేదు. ముందుగదిలో ఏబదియైదంగుళముల తెరను పెట్టితిమి. దానికి సుమారు 110 వాట్లు. నెలకు 16 యూనిట్లకు పైన. చిన్న పెట్టెను పడకగదిలోనికి చేర్చితిమి. అంతట తయారీదారుడు ఆదాచేసినదంతయు పోగా, పాత ఖర్చునకు దాదాపు రెండింతలు అయినది.

అంతకంటె విచిత్రమైన దొకటి కలదు. 2011 నాటి చట్టసవరణ ననుసరించి కేబులు ప్రసారములు అంచెలంచెలుగ అంకెల పద్ధతికి మాఱి, 2017 నాటికి గ్రామములకును ఆ మార్పు వచ్చినది. దానితో ప్రతి టెలివిజను ప్రక్కను ఒక సెట్‌టాప్ పెట్టె చేరెను. రిమోటుతో టెలివిజను ఆర్పుదుము గాని ఆ పెట్టెను ఆర్పము. అది పది వాట్ల చొప్పున రేయింబవళ్లు నడచిన నెలకు 7 యూనిట్లు. అనగా ముప్పదిరెండంగుళముల టెలివిజనుకంటె దాని ప్రక్కనున్న చిన్న పెట్టెయే ఎక్కువ తినుచున్నది! అట్టివి ఒక యింట రెండున్నచో, ఎవరును చూడని పందొమ్మిది గంటలలో అవి వృథాచేయునది నెలకు 11 యూనిట్లకు పైన. పూర్వము ఇంటిల్లిపాదియు కూర్చుండి నెలంతయు చూచిన పెట్టె ఖర్చు 12 యూనిట్లని పైన చెప్పితిమి. నాడు ఇంటివారందఱు చూచినందుకైన ఖర్చును నేడు ఎవరును చూడనందుకు చెల్లించుచున్నాము.

రిమోటుతో ఆర్పిన టెలివిజనుకూడ పూర్వము ఐదారు వాట్లు తినుచుండెడిది. ఈ నిద్రావస్థలోని ఖర్చు ఒక వాటునకు మించరాదని 1999లో అంతర్జాతీయ శక్తిసంస్థ సూచించెను. ఐరోపావారు 2013 నాటికి దానిని అర వాటునకు తగ్గించు నియమము చేసిరి. అందుచే క్రొత్త టెలివిజనుల విషయమున ఈ బాధ చాలవఱకు తీరినది. నేడు గమనింపవలసినవి సెట్‌టాప్ పెట్టెయు, ఇంటర్నెట్టు పెట్టెయు, ఇన్వర్టరును. బ్యాటరీలో నింపిన విద్యుత్తంతయు తిరిగి రాదు. నాలుగింట ఒక వంతో అంతకు మించియో వేడిగ పోవును.

చేతిలోని టెలిఫోను సంగతి వేఱు. అది నెలకు ఒక యూనిట్టైనను తినదు. కాని దానికి బొమ్మలు పంపు గణనకేంద్రములు మఱియొక చోట విద్యుత్తును తినుచున్నవి. 2024లో ప్రపంచపు విద్యుత్తులో నూటికి సుమారు ఒకటిన్నర వంతు అట్టి కేంద్రములే వాడినవని అంతర్జాతీయ శక్తిసంస్థ అంచనా. ఆ ఖర్చు మన మీటరులో కనబడదు.

బొగ్గు, ఎండ, ఉచితము

నేడు మన తీగలలో వచ్చునది తుంగభద్ర విద్యుత్తు మాత్రమే కాదు. బళ్లారి చెంత కుడితిని వద్ద నెలకొనిన బొగ్గు విద్యుత్కేంద్రము మూడు యంత్రములతో 1,700 మెగావాట్ల శక్తి గలది. తుమకూరు జిల్లా పావగడలో, మన అనంతపురపు సరిహద్దుననే, 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్క్షేత్రము కలదు. తీగలన్నియు కలిసియున్నవి గనుక ఏ యింటికి ఏ కేంద్రపు విద్యుత్తు వచ్చెనో చెప్పజాలము. కాని ఒకటి నిశ్చయము. మనము తెరముందు కూర్చుండునది ప్రొద్దు గ్రుంకిన పిదప. ఆ వేళకు ఎండ విద్యుత్తు ఆగిపోవును. దీపములు, మిక్సీలు, తెరలు ఒక్కమారుగ నడచు ఆ నాలుగుగంటల భారమును ఎక్కువగ బొగ్గును, జలాశయములును మోయవలసియున్నవి. బొగ్గునుండి ఒక యూనిట్టు రావలెనన్న అరకిలోకు మించిన బొగ్గు కాలవలెను. పైన చెప్పిన రెండు పెట్టెల వృథావ్యయము ఏడాదికి 137 యూనిట్లు. దానికి ఎనుబది, తొంబది కిలోల బొగ్గు.

2023లో కర్ణాటక ప్రభుత్వమువారు గృహజ్యోతి పథకమున, రెండువందల యూనిట్ల హద్దులో, ఆయా గృహముల పూర్వపు సగటు ననుసరించి ఉచితవిద్యుత్తును ప్రసాదించిరి. పేదగృహిణికి అది గొప్ప ఊఱట. కాని సున్న చూపు బిల్లు లెక్కను మఱపించును. సగటు మించిన యూనిట్లకు వెల చెల్లింపవలసివచ్చినపుడుగాని కొందఱు మీటరు వైపు చూచుట లేదు.

చేయదగిన పనులు

మీటరుపై మిణుకుమిణుకుమను ఎఱ్ఱదీపము నందఱును చూచియుందురు. ఒక యూనిట్టుకు ఎన్ని మిణుకులో దానిపైననే వ్రాసియుండును. రాత్రి పండుకొనబోవునపుడు దీపములు, పంకాలు ఆర్పి, ఫ్రిజ్జును కొద్దిసేపు నిలిపి, పది నిముసములు మిణుకులను లెక్కింపుడు. మీ యింట ఎవరికిని ఉపయోగపడక ఖర్చగుచున్న విద్యుత్తు ఎంతయో తెలిసిపోవును. పిదప సెట్‌టాప్ పెట్టెకును టెలివిజనుకును కలిపి ఒకే స్విచ్చిపలక అమర్చి, గోడస్విచ్చితో ఆర్పుడు. మఱల వెలిగించినపుడు ఆ పెట్టె సిద్ధమగుటకు ఒకటి రెండు నిముసములు పట్టును. ఆ మాత్రపు ఓపిక మనకు లేకపోదు. దుకాణమున మిఱుమిట్లు గొలుపుటకు పెట్టిన వెలుగును ఇంటికి వచ్చిన తరువాత తగ్గింపుడు. కంటికిని మేలు, మీటరునకును మేలు. క్రొత్త పెట్టె కొనునపుడు నక్షత్రములను మాత్రమే లెక్కింపక, ఏడాదికి ఎన్ని యూనిట్లని చీటిపై వ్రాసినదో చదువుడు. నక్షత్రములు తెర పరిమాణమునుబట్టి ఇయ్యబడును. ఐదు నక్షత్రముల పెద్దతెర మూడు నక్షత్రముల చిన్నతెరకంటె ఎక్కువ తినవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి. ఈ చరిత్రమంతయు పరిశీలించిన మాకు స్పష్టమైన దేమనగా, యంత్రములు ఒక్కొక్క తరమున మితవ్యయమును నేర్చినవి. మనము మాత్రము విడివిడిగ కూర్చుండుట నేర్చితిమి. ఊరికొక పెట్టె, వీథికొక పెట్టె, ఇంటికొక పెట్టె, గదికొక పెట్టె, చివరకు చేతికొక తెర. ఈ మెట్లు దిగినకొలది విద్యుత్తుతోపాటు మఱియొకటియు ఖర్చయినది. తాతగారు ఒక గదిలో తెలుగు పౌరాణికమును, మనుమడు వేఱొక గదిలో ఆంగ్లపు ఆటను చూచుచున్నప్పుడు, ఆ పద్యమునకు అర్థమేమని అడుగువాడు లేడు, చెప్పువాడును లేడు. తెలుగు తెరపై వినబడుచున్నది గాని ఇంటిలో వినబడుట లేదు.

ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును, బళ్లారి రాఘవగారును నాటకములాడిన జిల్లా మనది. ఆనాడు విద్యుత్తు ఊరూర లేదు. జనము మాత్రము ఒక్కచోట కూర్చుండిరి. నేడు నూటపది వాట్ల తెరయెదుట ఐదుగురు కూర్చున్న తలకు 22 వాట్లు. సంఘభవనమున ముప్పదిమంది కూర్చున్న తలకు నాలుగు వాట్లు. ప్రతి పక్షమున ఒక సాయంకాలము మన సంఘము ఒక మంచి తెలుగు నాటకమునో, చలనచిత్రమునో అందఱకును ఒకే తెరపై చూపి, పిదప అరగంట పిల్లలచేత దానినిగుఱించి తెలుగున మాటలాడించిన బాగుండునని మా సూచన. ప్రక్కయింటి కన్నడ సోదరులనుకూడ పిలువవచ్చును. ఆ సాయంకాలమున మన యిండ్లలోని తెరలును, వాని ప్రక్కనున్న పెట్టెలును గోడస్విచ్చివద్ద ఆరియుండును గాక.